ఆకలి మలచిన మనస్సు: 1943 నాటి కలకత్తా

1

ఆకలిగొన్నవాడు చేయని పాపం ఉండదని లోకంలో ఒక మాట ఉన్నది. ఆకలి రుచి ఎరుగదని తెలుగువారి సామెత. ఈ రెండు మాటలలోను ఆకలి ఒక శక్తిగా కనిపిస్తుంది. అది మనిషిని ముందుకు తోస్తుంది. సిగ్గును, భయాన్ని, మర్యాదను దాటిస్తుంది. ఒకటి రెండు పూటలు పస్తున్నవాని విషయంలో ఇది నిజమే కావచ్చును. కాని 1943లో కలకత్తా మహానగరం చూచిన ఆకలి ఈ మాటలకు లొంగలేదు.

ఆ సంవత్సరం వేసవి చివరినుంచి హేమంతం వరకు బెంగాలు పల్లెలనుంచి జనం తండోపతండాలుగా నగరానికి వచ్చారు. నగరంలో మిఠాయి దుకాణాలు మూతపడలేదు. హోటళ్లలో వంట ఆగలేదు. వర్తకుల గోదాములలో ధాన్యం ఉన్నది. ఆ దుకాణాల మెట్ల ముందు, ఆ గోదాముల గోడల ప్రక్కన మనుష్యులు పడి ప్రాణాలు విడిచారు. చెప్పుకోదగిన దోపిడి గాని తిరుగుబాటు గాని ఆ వీధులలో జరుగలేదు. చేయి చాచితే అందేంత దూరంలో అన్నం ఉండగా, చేయి చాచినది అడుగుకొనుటకే గాని అందుకొనుటకు కాదు.

ఎందువల్ల? ఈ ప్రశ్న ఆనాడే పుట్టినది. దానికి తోచిన సమాధానాలు పలువురు చెప్పారు. భారతీయుడు కర్మను నమ్ముతాడు కనుక మరణానికి తలవంచినాడని కొందరు అన్నారు. బెంగాలీ రైతు స్వభావం మెత్తనిదని మరికొందరు అన్నారు. 1942 ఉద్యమం తరువాత నాయకులు చెరసాలలలో ఉన్నారు, నగరం నిండా సైన్యం ఉన్నది, కనుక ఎవరు కదలగలరని ఇంకొందరు అడిగారు. ఈ చివరి మాటలో నిజం కొంత ఉన్నది. కాని సైన్యానికి భయపడుటకైనా మనస్సులో కొంత చురుకు ఉండవలె. ఆనాటి సాక్షులు చూచినది భయం కాదు. ఏ భయమూ, ఏ కోపమూ లేని చూపు.

బెంగాలీ కథకుడు మాణిక్ బందోపాధ్యాయ ఈ ప్రశ్ననే పేరుగా పెట్టి ఒక కథ వ్రాశాడు: "ఛినియే ఖాయ్‌ని కేన". ఎందుకు లాక్కొని తినలేదు అని దాని అర్థం. అందులో సమాధానం చెప్పేవాడు పండితుడు కాడు. జోగీ అనే పాత బందిపోటు. లాక్కొనుట అంటే ఏమో చేసి తెలిసినవాడు. అతడు కర్మను గురించి మాటలాడడు, స్వభావాన్ని గురించి మాటలాడడు. తిండి లేనప్పుడు ఎండిపోయేది ఒళ్లు మాత్రమే కాదనీ, పోరాడి బ్రతకవలెనన్న పట్టుదల కూడ దానితోపాటు మగతలో పడుతుందనీ అతని అనుభవం. కొద్దిరోజులు కడుపుకు కొంత పడిన తరువాతనే ఆ పట్టుదల మళ్లీ కదులుతుంది.

కథకుడు బందిపోటు నోట పలికించిన ఈ మాటను శరీరశాస్త్రం వేరొక ఖండంలో, వేరొక దారిలో నడచి చేరుకొన్నది. ఆ రెండు దారులూ కలిసే చోటునుంచి చూచినప్పుడు కలకత్తా కరువు చరిత్రలో ఒక పాత నింద తొలగిపోతుంది.

2

ఈ కరువు ఒక ఉదయాన వచ్చి పడినది కాదు. దానికి ముందు సుదీర్ఘమైన ఆందోళన ఉన్నది. 1942 మార్చిలో రంగూన్ జపాను సేనల వశమైనది. బర్మా బియ్యం రాక ఆగినది. శత్రువు చేతికి చిక్కరాదని ప్రభుత్వం బెంగాలు తీరప్రాంతపు జిల్లాలనుంచి మిగులు ధాన్యాన్ని తరలించినది. వేలకొలది పడవలను స్వాధీనం చేసుకొన్నది, లేదా నాశనం చేసినది. నీటిదారులే రహదారులైన దేశంలో పడవ పోతే జాలరికి వేట లేదు, రైతుకు సంత లేదు. ఆ అక్టోబరు 16న మేదినీపురం తీరాన్ని పెనుతుపాను, ఉప్పెన తాకినవి. పంటకు తెగులు సోకినది.

ఆ తరువాత ధరలు లేచినవి. 1942 డిసెంబరు 11న కలకత్తాలో మణుగు బియ్యం టోకు ధర 13, 14 రూపాయల మధ్య ఉన్నది. 1943 మార్చి 12కు అది 21 రూపాయలు. మే 21కి 30 దాటినది. ఆగస్టు 20కి 37. కూలివాని దినవేతనం ఈ పరుగును అందుకోలేదు. బెంగాలులో ఆ ఏడాది తిండిగింజలు పూర్తిగా లేకపోలేదనీ, వాటిని పొందగల శక్తి వ్యవసాయ కూలీలకు, జాలరులకు, చేతిపనివారికి నశించినదనీ అమర్త్య సేన్ 1981లో ప్రకటించిన గ్రంథంలో నిరూపించాడు. యుద్ధ పరిశ్రమలలో పనిచేసేవారికి, ప్రభుత్వోద్యోగులకు నగరంలో చవుకధర ధాన్యం ఏర్పాటైనది. పల్లెకు అటువంటి ఏర్పాటు లేదు.

ఇక్కడ గమనించవలసినది కాలం. బర్మా పతనంనుంచి కలకత్తా వీధులలో శవాలు కనిపించే వరకు ఏడాదిన్నర గడిచినది. ఆ ఏడాదిన్నరలో పల్లెకుటుంబం ఒక్కొక్క మెట్టే దిగినది. మొదట కూర తగ్గినది, తరువాత రెండవపూట తగ్గినది. ఇత్తడి చెంబు, కంచుపళ్లెం అమ్ముడుపోయినవి. తరువాత పశువులు, ఇంటిపై కప్పు రేకులు, చివరకు నేల. చేమదుంపలు, ఆకులు, నీటిమొక్కలు వండుకొన్నారు. రేపు ఏమగునోనన్న భయం ఆకలికన్న ముందు ఇంట ప్రవేశించినది. విభూతిభూషణ్ బందోపాధ్యాయ "అశని సంకేత్" నవలలో చిత్రించినది ఈ దశనే. అక్కడ ఆకలిచావు చివరకు గాని రాదు. దాని నీడ మాత్రం మొదటినుంచీ మనుష్యుల మాటలలో, చూపులలో, ఇరుగుపొరుగుల మర్యాదలలో పడుతూ ఉంటుంది. సత్యజిత్ రాయ్ 1973లో దీనిని చలనచిత్రంగా తీశాడు.

కాబట్టి 1943 ఆగస్టులో కలకత్తా చేరిన మనిషి నిన్ననో మొన్ననో ఆకలి మొదలైనవాడు కాడు. నెలల తరబడి అరకడుపుతో, ఎడతెగని భయంతో బ్రతికి, అమ్మవలసినదంతా అమ్మి, చివరి శక్తితో నడచివచ్చినవాడు. లాక్కొనుటకు కావలసిన బలం ఉన్న దినాలలో అతడు పల్లెలోనే, తన పంటమీదను, తన వారిమీదను ఆశతో ఉన్నాడు. ఆశ పోయిన దినానికి బలమూ పోయినది.

3

నగరంలో వినిపించిన కేక ఒకటే: "ఫ్యాన్ దావో, మా". అమ్మా, గంజి పొయ్యి అని. అన్నం కాదు, వార్చి పారబోసే గంజి. ఆనాటి నగరవాసులలో దీర్ఘకాలం జీవించినవారు సైతం ఈ కేకను మరచిపోలేకపోయారు. అడుగుకొనేవాడు ఎంతో ఆశించి కొంతతో తృప్తిపడుట లోకసహజం. ఇక్కడ ఆశయే కుంగి గంజివరకు దిగినది. ఒకనాడు తన ఇంట గంజిని పశువుల తొట్టిలో పోసిన గృహిణి ఇప్పుడు దానికోసం తలుపు తలుపునా నిలుచున్నది.

వార్తాపత్రికలపై యుద్ధకాలపు నిఘా ఉన్నది. అయినను ఇయన్ స్టీఫెన్స్ సంపాదకత్వంలోని "స్టేట్స్‌మన్" పత్రిక ఆగస్టు 22న వీధులలోని దృశ్యాల ఛాయాచిత్రాలను ప్రకటించినది. ఢిల్లీకి, లండన్‌కు అంతవరకు అంకెలుగా ఉన్నది అప్పుడు ముఖాలుగా కనిపించినది. ఉధృతి హెచ్చిన దినాలలో కలకత్తాలో నిరాశ్రయుల సంఖ్య లక్షకు తక్కువ లేదని అంచనా.

చిత్రకారులు ఈ ముఖాలను మరింత దగ్గరగా చూచారు. జైనుల్ ఆబెదీన్ కలకత్తా వీధులలో తిరిగి, చవుకరకం కాగితంపై నల్లసిరాతో బొమ్మలు గీశాడు. చిత్తప్రసాద్ మేదినీపురం జిల్లా తిరిగి "హంగ్రీ బెంగాల్" అనే చిన్న పుస్తకం వెలువరించినాడు. ప్రభుత్వం దాని ప్రతులను పట్టుకొని నాశనం చేసినది. జైనుల్ బొమ్మలలో మనిషీ, కాకీ, కుక్కా ఒకే చెత్తకుప్ప దగ్గర చేరుతారు. కాని కాకిలోను కుక్కలోను ఉన్న చురుకు మనిషిలో లేదు. కుంచె రెండు మూడు గీతలలో చూపిన ఈ భేదం వైద్యుల నివేదికలలో కూడ ఉన్నది. బాధితులు పరిశుభ్రతను మరచిపోవుట, ఊరక తిరుగాడుట, ఆప్తులపట్ల సైతం ఉదాసీనులగుట వారు గమనించారు. తల్లి బిడ్డను వదలి పోయిన ఘటనలు, భర్త భార్యను విడిచిన ఘటనలు నాటి వృత్తాంతాలలో కోకొల్లలు.

బిజన్ భట్టాచార్య "నబాన్న" నాటకం 1944 అక్టోబరులో కలకత్తా రంగస్థలంపైకి వచ్చినది. అందులో పెండ్లి విందు జరిగే ఇంటి వెలుపల, ఎంగిలాకుల కుప్ప దగ్గర పల్లెవారికి కుక్కతో పెనుగులాట వస్తుంది. లోపల విందు సాగుతూనే ఉంటుంది. నాటకకర్త ఇక్కడ ఒక కఠోరసత్యాన్ని పట్టుకొన్నాడు: ఆకలి మనిషిని పెనుగులాటకు పురికొల్పినను, ఆ పెనుగులాట కంటి ఎదుట ఉన్న ముద్దకోసమే, గోడ ఆవలి పాకశాలవరకు ఊహ సాగదు.

గంజి కేంద్రాలు తెరచినప్పుడు వేరొక చిక్కు ఎదురైనది. రెండుచోట్ల తినకుండునట్లు అన్ని కేంద్రాలలోను ఒకే వేళకు గంజి పోసేవారు. ఆ ఒక్క వేళకోసం దినమంతా కాచుకొని ఉండుట తప్ప బాధితునికి మరొక పని మిగులలేదు. బియ్యానికి అలవాటైన కడుపులకు బయటి రాష్ట్రాలనుంచి తెచ్చిన సజ్జలు, జొన్నలు సరిపడక విరేచనాలు పట్టుకొన్నవి. అక్టోబరు 28న వెలువడిన అత్యవసర శాసనంతో ప్రభుత్వం నిరాశ్రయులను నగరంనుంచి శిబిరాలకు తరలించనారంభించినది. కొత్తగా వచ్చిన రాజప్రతినిధి వేవెల్ అదే మాసంలో కలకత్తాకు వచ్చి చూచి, పంపిణీకి సైన్యాన్ని నియోగించినాడు. డిసెంబరులో మంచి పంట చేతికి వచ్చినది. 1944 జనవరి చివర నగరంలో రేషను మొదలైనది. అప్పటికీ మలేరియా, కలరా, మశూచి పల్లెలను తుడిచిపెట్టుతూనే ఉన్నవి. విచారణ కమిషన్ 1945లో మృతులు 15 లక్షలన్నది. తరువాతి పరిశోధకుల లెక్క 30 లక్షల దాకా పోయినది.

4

ఆసుపత్రులలో వైద్యులకు ఎదురైన వింత వేరు. ఆకలితో చావబోయేవానికి అన్నం పెడితే బ్రతుకుతాడని లోకం అనుకొంటుంది. అన్నం ఎదుట పెట్టినను తినలేనివారు అక్కడ కనిపించారు. ప్రేగులు పలుచబడి, దేనినీ జీర్ణించుకోలేక, తిన్నది తిన్నట్లు పోయేది. కొందరు పాత్రవంక చూచి ముఖం త్రిప్పుకొనేవారు. నోటిద్వారా సాధ్యం కాదని, ముందుగానే విచ్ఛిన్నం చేసిన మాంసకృత్తుల ద్రవాన్ని రక్తనాళంలోనికి ఎక్కించే చికిత్సను కలకత్తాలోని అఖిల భారత ఆరోగ్య, ప్రజారోగ్య సంస్థ పరిశోధకులు ప్రయత్నించి చూచారు.

ఈ అనుభవం కలకత్తాతో ఆగలేదు. 1945 ఏప్రిల్ 15న బ్రిటిష్ సేనలు జర్మనీలోని బెల్సెన్ నిర్బంధ శిబిరాన్ని విడిపించినప్పుడు, అక్కడి వేలకొలది ఆకలిరోగులకు పెట్టుటకు వైద్యులు "బెంగాల్ కరువు మిశ్రమం" అనే పేరుగల ఆహారాన్ని తెచ్చారు. బెంగాలులో కుదిరిన పాకం ఐరోపాలో కుదరలేదు. అతి తీపిగా ఉన్నదని రోగులు దానిని త్రోసివేశారు. ఇక రక్తనాళంలోనికి ఎక్కించే సూదిని చూడగానే, శిబిరంలో సూదిమందు అంటే మరణమని ఎరిగిన ఆ అభాగ్యులు భయంతో కేకలు వేశారు. ఆకలి కడుపుకు మాత్రమే సంబంధించినదయితే ఇవి జరుగకూడదు. రుచి, స్మృతి, భయం, నమ్మకం — ఇవన్నీ ఆకలిలో భాగాలే. ఆకలి రుచి ఎరుగదన్న సామెత దీర్ఘమైన ఆకలి విషయంలో తలక్రిందులైనది.

5

సరిగా ఈ కాలంలోనే, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శరీరశాస్త్రవేత్త ఒక ప్రయోగం జరిపినాడు. యుద్ధం ముగిసిన తరువాత ఐరోపాలోని ఆకలిబాధితులకు ఏ విధంగా తిండి పెట్టవలెనో తెలుసుకొనుట దాని ఉద్దేశం. అంతరాత్మ ఒప్పక ఆయుధం పట్టుటకు నిరాకరించిన యువకులు 36 మంది ఇందుకు స్వచ్ఛందంగా ముందుకు వచ్చారు. అందరూ ఆరోగ్యవంతులు, చాలమంది విద్యావంతులు, ఆదర్శవాదులు. 1945 ఫిబ్రవరినుంచి జులై వరకు 24 వారాలు వారికి దినానికి సుమారు 1570 కేలరీల ఆహారం మాత్రమే పెట్టారు: రొట్టె, బంగాళాదుంపలు, క్యాబేజి వంటివి. వారానికి 22 మైళ్లు నడిపించారు. ప్రతివారూ తమ బరువులో దాదాపు నాలుగవ వంతు కోల్పోయారు.

బరువుతోపాటు మనస్సు మారినది. వారికి తిండి తప్ప వేరు ధ్యాస లేకపోయినది. జీవితంలో వంట ఎరుగనివారు పాకశాస్త్ర గ్రంథాలు కొని కలలు కంటూ చదివారు. పళ్లాలను నాకారు. కొద్దిపాటి భోజనాన్ని నీళ్లతో కలుపుతూ, ముక్కలు ముక్కలు చేస్తూ గంటలకొద్దీ సాగదీశారు. స్నేహాలు సడలినవి, నవ్వు పోయినది, స్త్రీలపై ఆసక్తి అంతరించినది. లోకాన్ని బాగుచేయవలెనని వచ్చిన యువకులు లోకంలో ఏమి జరుగుతున్నదో అడుగుట మానివేశారు. మెట్లు ఎక్కుటకు, మాటలాడుటకు, నిర్ణయించుకొనుటకు విసుగు కలిగినది.

వీరికి కర్మసిద్ధాంతం తెలియదు. వీరు బెంగాలీ రైతులు కారు. వీరిపై సైన్యం లేదు. ప్రయోగం ఏ నాడు ముగియునో వీరికి తెలియును. ఇంటివారి క్షేమానికి కొరత లేదు. వైద్యులు ప్రక్కనే ఉన్నారు. 1943 కలకత్తాలోని మనిషికి ఇందులో ఏ ఒక్కటీ లేదు. దొరికిన గంజి ఈ ఆహారానికి ఏ మూలకూ రాదు. అంత భద్రతలో, ఆ మాత్రం అరకడుపుతో, ఆరునెలలలోపల విద్యావంతులైన యువకుల సంకల్పం మసకబారినదంటే, ఏడాదికి పైగా భయమూ పస్తూ కలిసి తిన్న మనిషి చూపులోని శూన్యానికి జాతిస్వభావంలో కారణం వెదుకుట ఎంత అన్యాయమో తేటపడుతుంది.

ప్రయోగం చివరి భాగం మరింత విచిత్రమైనది. తిండి పెంచిన వెంటనే ఆకలి తీరలేదు. కట్టడి తొలగిన తరువాత కొందరు కడుపు పట్టని స్థితిలోను ఇంకా తినవలెననే కోరికతో నెలల తరబడి బాధపడ్డారు. కడుపు నిండినదని శరీరం చెప్పుచున్నను, నిండలేదని మనస్సు చెప్పినది. కీస్, ఆయన సహచరులు 1950లో ఈ వివరాలన్నిటినీ రెండు సంపుటాల గ్రంథంగా ప్రకటించారు.

6

కోరిక ఎక్కడ పుడుతుంది? మెదడులో అని చెప్పుట సులభం. చూపుటకు మరి కొంతకాలం పట్టినది. 1936లో హాన్స్ సెల్యే దీర్ఘకాలపు ఒత్తిడికి లోనైన జంతువుల శరీరంలో, ఒత్తిడి ఏ రూపంలో వచ్చినను, ఒకే విధమైన మార్పులు కలుగుతాయని వ్రాశాడు. 1954లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ ఎలుకల మెదడులో ఒకానొక చోట సన్నని తీగ అమర్చి, మీట నొక్కినప్పుడెల్ల స్వల్పమైన విద్యుత్తు అందునట్లు చేశారు. ఎలుకలు ఆ మీటను వదలక నొక్కినవి. ప్రతిఫలాన్ని గుర్తించి మళ్లీ కోరే వ్యవస్థ ఒకటి మెదడులో ఉన్నదని దీనితో తెలిసినది. డోపమైన్ అనే రసాయనం ఆ వ్యవస్థలో ముఖ్యమైన వాహకమని తరువాత తేలినది.

అంతటితో ఆగక, ఇష్టపడుటకును కోరుటకును భేదమున్నదని మిచిగన్ విశ్వవిద్యాలయంలో కెంట్ బెరిడ్జ్ చూపినాడు. తీపి నాలుకకు తగిలినప్పుడు కలిగే సుఖం ఒకటి. దానికోసం కదలవలెనన్న తహతహ వేరొకటి. డోపమైన్ తగ్గించిన ఎలుకల ఎదుట ఆహారం ఉంచితే తింటాయి; కాని అదే ఆహారానికి గోడ ఎక్కవలసివస్తే, మీట పలుమార్లు నొక్కవలసివస్తే ఎక్కవు, నొక్కవు. జాన్ సాలమోన్ జరిపిన ఈ ప్రయోగాలను చదివేవానికి, గోదాము గోడ ప్రక్కన పడియున్న మనిషి గుర్తుకు రాక మానడు. ఆహారంపై కోరిక మిగిలియుండి, ఆహారంకోసం శ్రమించే సంసిద్ధత నశించుట అసంభవం కాదు; మెదడులో ఆ రెండూ వేరువేరు.

కొవ్వునుంచి వెలువడి మెదడుకు వార్త చేరవేసే లెప్టిన్ అనే పదార్థాన్ని 1994లో కనుగొన్నారు. కొవ్వు కరిగినకొద్దీ లెప్టిన్ పడిపోతుంది. అప్పుడు మెదడుకు ఆహారం విలువ హెచ్చుతుంది. ఆలోచనలన్నీ అటే మళ్లుతాయి. అదే సమయంలో శరీరం ఖర్చు తగ్గించుకొంటుంది. వేడిని తగ్గిస్తుంది, కదలికను తగ్గిస్తుంది, సంతానశక్తిని ఆపుతుంది. ఇల్లు గడవని యజమాని దీపాలు ఒక్కొక్కటే ఆర్పినట్లు, బ్రతుకుకు తక్షణం అవసరం కాని పనులన్నిటినీ శరీరం నిలిపివేస్తుంది. కోపం, పూనిక, రేపటి ఆలోచన ఆరిపోయే దీపాలలో మొదటివి.

దీర్ఘకాలపు ఒత్తిడికి వేరొక ముఖం కూడ ఉన్నది. తిండి దొరికే చోట అదే ఒత్తిడి మనిషిని తీపివైపు, కొవ్వువైపు నెట్టుతుంది. హఠాత్తుగా కలిగిన భయం ఆకలిని చంపుతుంది. నెలల తరబడి సాగే ఆందోళన కార్టిసాల్ అనే స్రావాన్ని హెచ్చించి, రుచికరమైన ఆహారంలో ఓదార్పు వెదకిస్తుంది. అటువంటి ఆహారం ఒత్తిడి వ్యవస్థను కొంత శాంతింపజేస్తుంది గూడ. మేరీ డాల్మన్, ఆమె సహచరులు 2003లో ఈ సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. మిన్నెసోటా యువకుల తీరని ఆకలికి, తరువాతి కాలపు నగరాలలో ఉద్యోగభయంతో, ఋణభయంతో అవసరానికి మించి తినేవారి ఆకలికి ఇక్కడ దూరపు చుట్టరికం కనిపిస్తుంది.

ఇది తరంతో ముగిసేది కూడ కాదు. 1944–45 శీతకాలంలో జర్మన్ దిగ్బంధం వల్ల నెదర్లండ్స్‌లో కరువు వచ్చినది. ఆ కరువులో తల్లిగర్భాన ఉన్న శిశువులు పెరిగి సైన్యపు పరీక్షకు వచ్చినప్పుడు మూడు లక్షల యువకుల వివరాలను పరిశీలించి 1976లో ప్రకటించారు. గర్భస్థదశ తొలిసగంలో తల్లి ఆకలి అనుభవించినవారిలో స్థూలకాయులు ఎక్కువగాను, చివరి మాసాలలోను పుట్టిన తొలి నెలలలోను ఆకలి సోకినవారిలో తక్కువగాను కనిపించారు. ఆకలి తన గుర్తును పుట్టబోయే బిడ్డ శరీరంలోను వ్రాసిపోతుంది.

కలకత్తా వీధులలోని బాధితులకు ఈ పరీక్షలు జరిగినవి కావు; లెప్టిన్ పేరైనా పుట్టుటకు అర్ధశతాబ్దం ముందటి సంగతి అది. కనుక ఇవన్నీ పోలికలే. కాని జైనుల్ కుంచె, మాణిక్ కలం, వైద్యుల నివేదిక, మిన్నెసోటా ప్రయోగం నాలుగూ ఒకే ముఖాన్ని చూపుచున్నప్పుడు, ఆ ముఖం ఏ ఒక్క జాతిదీ కాదని, ఆకలిదేనని చెప్పుటకు సందేహించనక్కరలేదు.

7

ఈ విషయం తెలియక ప్రభుత్వాలు చేసిన పొరపాటు పాతది. ధాత కరువుగా తెలుగువారికి గుర్తున్న 1876–78 క్షామంలో, మద్రాసు రాజధానిలో సహాయపు పనులకు వచ్చే కూలీకి దినానికి ఒక పౌను ధాన్యం, దానిపై స్వల్పంగా కాసులు చాలునని రిచర్డ్ టెంపుల్ నిర్ణయించాడు. బళ్లారి, కడప, కర్నూలు జిల్లాల ప్రజలు దాని ఫలితం అనుభవించారు. అది మనిషిని నిలుపజాలదని వైద్యాధికారి కార్నిష్ వాదించాడు. తరువాత వచ్చిన క్షామ నిబంధనలలో పరీక్షా పనులు అనే పద్ధతి స్థిరపడినది. తక్కువ కూలికి కష్టమైన పని పెట్టి చూడవలె. జనం వస్తే కరువు నిజం. నిజంగా ఆకలిగొన్నవాడు ఎంత శ్రమకైనా సిద్ధపడతాడన్నది దీని అడుగున ఉన్న నమ్మకం.

ఆకలి తొలినాళ్లలో ఈ నమ్మకం చెల్లుతుంది. ఆ దశ దాటిన తరువాత శ్రమకు రానివాడే అందరికన్న ఎక్కువ ఆకలిగొన్నవాడు. 1943లో బెంగాలులో ఆ నిబంధనల ప్రకారం కరువు ఉన్నదని ప్రకటించనే లేదు. కనుక తొలినాళ్ల పరీక్షయైనా జరుగలేదు. సహాయం ఎవరు గట్టిగా అడుగుతారో వారికోసం ఎదురుచూచినది. అడుగగల శక్తి ఉన్న దినాలు పల్లెలో గడిచిపోయినవి. జనం నగరవీధులకు చేరి గంజికి మాత్రమే గొంతెత్తే వేళకు, వారి మౌనాన్ని ఓర్పుగా, స్వభావంగా, విధివిశ్వాసంగా లెక్కవేయుట పాలకులకు సుకరమైనది. బాధితుని మనస్సుపై నింద పడినకొద్దీ, ధాన్యం తరలించినవారిపైన, పడవలు పగులగొట్టినవారిపైన, ధర పెరుగుతుంటే దాచినవారిపైన పడవలసిన నింద తేలికపడినది.

దీనికి ఎదురు సాక్ష్యం అదే నగరం తరువాత ఇచ్చినది. 1959లో బియ్యం ధరలు మళ్లీ లేచినప్పుడు ఆగస్టు 31న పల్లెలనుంచి, పేటలనుంచి జనం కలకత్తాలో పెద్ద ఊరేగింపుగా బయలుదేరారు. పోలీసుల దెబ్బలకు పలువురు మరణించారు. అయినను ఆ ఆహారోద్యమం 1966లో మరల తలయెత్తినది. వీరు ఆ బెంగాలీలే, ఆ పల్లెల సంతానమే, 1943 నాటి మృతుల అన్నదమ్ములే. మతం మారలేదు, స్వభావం మారలేదు. వీరికి కోపగించుకొనుటకు చాలినంత అన్నం కడుపులో ఉన్నది, అదియే భేదం. జోగీ బందిపోటు చెప్పిన సమాధానం ఇట్లు కలకత్తా రాజవీధులలోనే రుజువైనది. ఆ ఊరేగింపు చూచుటకు మాణిక్ బందోపాధ్యాయ లేడు; 1956 డిసెంబరులో ఆయన మరణించాడు.

2001లో కలకత్తా పేరు కోల్‌కతా అయినది. 1943లో నిరాశ్రయులు పడుకొన్న కాలిబాటలు, మెట్లు అనేకం ఇప్పటికీ ఉన్నవి. వారికి స్మారకాలు కొద్ది. జైనుల్ ఆబెదీన్ బొమ్మలు, నబాన్న నాటకం, ఒకటి రెండు నవలలు, ఒక చిన్న కథ — వారి పక్షాన సాక్ష్యం పలికేవి ఇవి. ఎందుకు లాక్కొని తినలేదని వారిని అడుగుటకు ముందు, అడుగవలసిన ప్రశ్న మరొకటి ఉన్నది. లాక్కొనే శక్తి వారిలో ఇంకా ఉండిన నెలలలో, వారు పల్లెలలో చెంబులూ పశువులూ అమ్ముకొంటున్న నెలలలో, వారి గడపకు గింజలు ఎందుకు చేరలేదు? ఆ ప్రశ్నకు సమాధానం చెప్పవలసినవారు ఆకలితో చచ్చినవారు కారు.